పాత సెవెన్ సీటర్ కొంటున్నారా? చివరి వరస నుంచి చూడండి

దాదా, దాదీ, భార్యాభర్తలు, ముగ్గురు పిల్లలు. లెక్కకు ఏడుగురు. ఊళ్లో తిరగడానికైతే ఐదు సీట్ల కారులో ఎలాగోలా సర్దుకుంటారు. కర్నూలు నుంచి హైదరాబాద్‌కు వలీమాకు వెళ్లి రాత్రికి రాత్రే తిరిగి రావాలంటే మాత్రం కుదరదు. ఉమ్రా నుంచి వచ్చే పెద్దవాళ్లను శంషాబాద్ నుంచి తీసుకురావాలన్నా, రంజాన్ సెలవుల్లో ఖాందాన్ అంతా కదలాలన్నా కిరాయి బండి మాట్లాడుకోవాల్సిందే. నాలుగైదు సార్లు కిరాయి ఇచ్చాక ఇంట్లో ఒక మాట మొదలవుతుంది: ఒక సెకండ్ హ్యాండ్ సెవెన్ సీటర్ తీసుకుంటే పోలా?

ఈ ఆలోచన కొత్తది కాదు. కానీ 2025 సెప్టెంబరు తర్వాత దీని వెనక లెక్క మారిపోయింది. ఆ సంగతి అమ్మేవాళ్లకు బాగానే తెలుసు. కొనేవాళ్లలో చాలామందికి ఇంకా తెలియదు.

2025 సెప్టెంబరు 22 నుంచి కార్లపై జీఎస్టీ కొత్త శ్లాబులు అమల్లోకి వచ్చాయి. అంతకుముందు పెద్ద ఎస్‌యూవీల మీద 28 శాతం జీఎస్టీ, దానిపైన 22 శాతం సెస్సు, మొత్తం 50 శాతం పన్ను ఉండేది. ఇప్పుడు సెస్సు లేదు, ఒకటే 40 శాతం. నాలుగు మీటర్ల పొడవు దాటని, చిన్న ఇంజిను ఉన్న బండ్లకైతే పన్ను ఏకంగా 18 శాతానికి దిగింది. దీంతో మహీంద్రా ఎక్స్‌యూవీ 700 ధర గరిష్ఠంగా రూ.1.43 లక్షలు, స్కార్పియో-ఎన్ రూ.1.45 లక్షలు, టయోటా ఇన్నోవా క్రిస్టా రూ.1.80 లక్షలు తగ్గాయి. ఫార్చ్యూనర్ మీద తగ్గింపు రూ.3.49 లక్షల దాకా వెళ్లింది. మూడు వరసలున్నా నాలుగు మీటర్ల లోపే ఉండే బొలెరో నియో రూ.1.27 లక్షల వరకు, రెనో ట్రైబర్ దాదాపు రూ.80 వేల వరకు తగ్గాయి. బండి ధరతో పోలిస్తే ఈ చిన్నవాటికే ఎక్కువ మేలు జరిగింది.

కొత్త బండి ధర తగ్గితే పాత బండి ధర కూడా తగ్గాలి. అది న్యాయం. కానీ 2023లో లేదా 2024లో పాత పన్ను కట్టి కొన్న ఓనరు, తాను పెట్టిన డబ్బునుంచే లెక్క మొదలుపెడతాడు. "రెండేళ్ల కింద ఆన్‌రోడ్ ఇరవై రెండు పడింది, పద్దెనిమిదికి ఇస్తున్నా" అంటాడు. వినడానికి నాలుగు లక్షలు మిగిలినట్టే ఉంటుంది. అదే బండి ఇవాళ షోరూంలో ఇరవై లక్షల చిల్లరకు వస్తుంటే, నిజంగా మిగిలేది రెండు లక్షల పైచిలుకు మాత్రమే. ఆ రెండు లక్షల కోసం రెండేళ్ల వారంటీ, రెండేళ్ల టైర్లు, మొదటి ఓనర్ అనే పేరు వదులుకోవడం లాభమా అన్నది ఆలోచించాలి. పాత బండి బేరం ఓనరు కొన్న ధర దగ్గర కాదు, నేటి షోరూం ధర దగ్గర మొదలు కావాలి. రెండు మూడేళ్ల బండ్లలో ఈ తేడా బాగా కనిపిస్తుంది. ఏడెనిమిదేళ్లు నిండిన వాటిలో అంతగా ఉండదు, అక్కడ పాత లెక్కే నడుస్తోంది.

పాత కార్ల మీద జీఎస్టీ గురించి కూడా గందరగోళం ఉంది. 2024 డిసెంబరులో జైసల్మేర్‌లో జరిగిన జీఎస్టీ కౌన్సిల్ సమావేశం, వాడిన కార్లన్నింటికీ ఒకే 18 శాతం అని నిర్ణయించింది. ఇది మొత్తం ధర మీద కాదు. రిజిస్టర్డ్ డీలర్ వేసుకున్న మార్జిన్ మీద మాత్రమే. తొమ్మిది లక్షలకు కొని పది లక్షలకు అమ్మితే, లక్ష మీద రూ.18 వేలు. ఒక వ్యక్తి తన సొంత కారును ఇంకొకరికి అమ్ముకుంటే జీఎస్టీయే లేదు. "జీఎస్టీ వేరే" అంటూ మొత్తం ధర మీద పద్దెనిమిది శాతం అడిగేవాడు కనిపిస్తే, ఆ అడ్డాలో ఇంకేం మాట్లాడక్కర్లేదు.

ధర సంగతి తేలాక బండి ఎక్కడినుంచి వచ్చిందన్న ప్రశ్న వస్తుంది. హైదరాబాద్ మార్కెట్లో 'ఢిల్లీ బండి' అన్నది పాత మాటే. ఢిల్లీ పరిసరాల్లో పదేళ్లు దాటిన డీజిల్, పదిహేనేళ్లు దాటిన పెట్రోల్ బండ్లు తిరగకూడదని 2015లో నేషనల్ గ్రీన్ ట్రైబ్యునల్ చెప్పింది. 2018లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. పదేళ్లు దగ్గర పడగానే అక్కడి ఓనర్లు ఇన్నోవాలు, ఫార్చ్యూనర్లు, స్కార్పియోలు చవగ్గా వదిలించుకునేవారు. ఎన్‌ఓసీ తీసుకుని అవి దక్షిణాదికి వచ్చేవి. అయితే 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు అలాంటి ఓనర్ల మీద కఠిన చర్యలు తీసుకోవద్దని చెప్పింది. డిసెంబరులో ఆ రక్షణను బీఎస్-4, ఆపై ప్రమాణాలున్న బండ్లకే పరిమితం చేసింది. ఢిల్లీలో 2010 నుంచే బీఎస్-4 ఉంది. అంటే ఇప్పుడు పదేళ్లు నిండుతున్న డీజిల్ బండి ఓనరుకు పాతరోజుల తొందర లేదు. "ఢిల్లీ రూలు వల్ల చవగ్గా దొరికింది" అన్న మాటకు ఈ రోజు అంత బలం లేదు. మరీ చవగ్గా వస్తుంటే కారణం వేరే ఎక్కడో ఉంటుంది.

ఇతర రాష్ట్రం బండి అనగానే ఇంకో ఖర్చు ఉంటుంది. అక్కడి ఆర్టీఏ నుంచి ఫారం 28 మీద ఎన్‌ఓసీ, ఇక్కడ మళ్లీ రిజిస్ట్రేషన్, ఇక్కడి లైఫ్ ట్యాక్స్. తెలంగాణలో కొత్త కారు లైఫ్ ట్యాక్స్ 13 శాతం దగ్గర మొదలై ధరతో పాటు పెరుగుతుంది. పాత బండికి వయసును బట్టి తగ్గిస్తారు గానీ పూర్తిగా పోదు. ఖరీదైన ఎస్‌యూవీకి ఇది లక్ష దాటినా ఆశ్చర్యం లేదు. ఇక్కడ తెలుగు కుటుంబాలు తరచుగా మరిచిపోయే సంగతి ఒకటుంది. కర్నూలు, అనంతపురం, గుంటూరు వాళ్లు హైదరాబాద్ వచ్చి బండి కొంటే అది కూడా ఇతర రాష్ట్రం బండే. రెండు రాష్ట్రాలయ్యాక ఈ లెక్క మారింది, అలవాటు మాత్రం మారలేదు. ఆంధ్రలో లైఫ్ ట్యాక్స్ ఎంత పడుతుందో ముందే కనుక్కుని, ఆ మొత్తాన్ని ధరలోంచి తగ్గించి బేరం ఆడాలి. "ఏం కాదు, ఇదే నంబరు మీద తిరగండి" అని అమ్మేవాళ్లు చెబుతారు. ఇంకో రాష్ట్రంలో పన్నెండు నెలలకు మించి బండి ఉంచితే అక్కడ రిజిస్టర్ చేయించాల్సిందేనని మోటారు వాహనాల చట్టం చెబుతోంది.

ఇక అసలు విషయం. సెవెన్ సీటర్ కొనేవాళ్లంతా ముందు సీట్లో కూర్చుని చూస్తారు. స్టీరింగ్, టచ్ స్క్రీన్, ఏసీ. కానీ ఐదు సీట్ల కారు వద్దని ఈ బండి కొనేదే మూడో వరస కోసం. ఆ వరసలో కూర్చునేది ఎవరు? ఇంట్లో చిన్నపిల్లలు. బండిలో అందరికంటే తక్కువ రక్షణ ఉండేది కూడా చాలా మోడళ్లలో అక్కడే.

పాత స్కార్పియో, బొలెరో, సుమో, టవేరాలలో చాలావాటికి వెనక సీట్లు పక్కకు తిరిగి, ఎదురెదురుగా ఉంటాయి. పిల్లలకు అది సరదా. ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ ఆడుకుంటారు. ఆ సీట్లకు చాలా బండ్లలో బెల్టే ఉండదు. ఉన్నా నడుముకు కట్టే పట్టీ మాత్రమే. గట్టిగా బ్రేకు పడితే పక్కకు కూర్చున్న మనిషి ముందుకు విసిరేసినట్టు పడతాడు. 2022 సెప్టెంబరులో టాటా సన్స్ మాజీ ఛైర్మన్ సైరస్ మిస్త్రీ మహారాష్ట్రలోని పాల్ఘర్ దగ్గర చనిపోయింది ఖరీదైన కారులోనే. వెనక సీట్లో, బెల్ట్ లేకుండా. చట్టం కూడా ఈ విషయంలో మెత్తగా లేదు. పద్నాలుగేళ్ల లోపు పిల్లలకు బెల్ట్ గానీ, చైల్డ్ సీట్ గానీ లేకపోతే రూ.1,000 జరిమానా. కిరాయి బండిలో ఆర్సీలో ఉన్న సీట్ల కంటే ఎక్కువమందిని ఎక్కిస్తే ఒక్కొక్కరికి రూ.200. వలీమాకు ఏడు సీట్ల బండిలో పదకొండు మంది వెళ్లడం మన దగ్గర వింతేమీ కాదు గనక ఇది చెప్పుకోవాలి.

కాబట్టి బండి చూడటానికి వెళ్లినప్పుడు ఇంట్లో ఎత్తైన పిల్లవాడిని, వీలైతే దాదీని కూడా వెంట తీసుకెళ్లాలి. రెండో వరస సీటును మడిచి వెనక్కి ఎక్కడం, దిగడం నిజంగా వాళ్లతో చేయించి చూడాలి. మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడ వెనక్కి వెళ్లలేదు. ఆమె రెండో వరసలో కూర్చుంటే, ఆ సీటు మడవకుండా పిల్లలు వెనక్కి ఎలా వెళ్తారన్నది చూడాలి. మధ్యలో దారి ఉండే కెప్టెన్ సీట్ల బండికి ఇక్కడ విలువ వస్తుంది. కాకపోతే చాలా మోడళ్లలో ఒక సీటు తగ్గి ఆరు సీట్ల బండి అవుతుంది. వెనక ఏసీ గాలి వస్తుందా, అద్దం తెరుచుకుంటుందా, సీటు వెనక తలకు ఆనే హెడ్‌రెస్ట్ ఉందా అన్నవి పది నిమిషాల పని. మూడో వరస బెల్టులను చివరిదాకా లాగి వదిలి చూడాలి. కొన్ని బండ్లలో అవి ఎన్నడూ వాడక బిగుసుకుపోయి ఉంటాయి. సైడ్ కర్టెన్ ఎయిర్‌బ్యాగ్ ఉందని చెబితే, అది మూడో వరస దాకా వస్తుందా లేక రెండో వరస దగ్గరే ఆగుతుందా అని అడగాలి.

సేఫ్టీ స్టార్లు చెప్పేటప్పుడు కూడా జాగ్రత్త. ఎక్స్‌యూవీ 700కు 2021లో గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షలో పెద్దల రక్షణకు ఐదు, పిల్లల రక్షణకు నాలుగు స్టార్లు వచ్చాయి. 2023లో కొత్త రూపంలో వచ్చిన టాటా సఫారీకి రెండింటిలోనూ ఐదు. ఆ స్టార్లు అదే పేరున్న పాత సఫారీ స్టార్మ్‌కు వర్తించవు. పేరు ఒకటే, బండి వేరు. పాత మార్కెట్లో అందరికంటే సులువుగా అమ్ముడుపోయే మారుతీ ఎర్టిగాకు 2024 పరీక్షలో పెద్దలకు ఒకటి, పిల్లలకు రెండు స్టార్లే వచ్చాయి. అదే ఏడాది బొలెరో నియోకు ఒక్కటే. ఎర్టిగా మైలేజీ మంచిది, రిపేరు చవక, మళ్లీ అమ్మితే డబ్బు వస్తుంది. ఇవన్నీ నిజమే. స్టార్ల సంగతి కూడా నిజమే. రెండూ తెలిసి కొనుక్కోవాలి. ఇక తయారీ సంవత్సరం గీత ఒకటుంది: డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్, రివర్స్ సెన్సర్, స్పీడ్ అలర్ట్ 2019 జూలై నుంచి తప్పనిసరి అయ్యాయి. ఏబీఎస్ బ్రేకులు అదే ఏడాది ఏప్రిల్ నుంచి. ముందు సీటులో పక్కన కూర్చునేవారికి కూడా ఎయిర్‌బ్యాగ్ 2022 నుంచి అన్ని కార్లలో వచ్చింది. అంతకుముందు బండ్లలో బేస్ మోడల్ అయితే ఇవేవీ లేకపోవచ్చు.

సామాను సంగతి కూడా ఇక్కడే. మూడో వరస ఎత్తి ఉంచితే ఎర్టిగా డిక్కీ 209 లీటర్లు, కియా కేరెన్స్ 216, ఇన్నోవా క్రిస్టా 300. ట్రైబర్‌లో 84 లీటర్లే. జిద్దా నుంచి వచ్చిన ఇద్దరి సూట్‌కేసులు, జమ్‌జమ్ క్యాన్లు, ఐదుగురు స్వాగతం చెప్పేవాళ్లు. ఈ లెక్క ఏ సెవెన్ సీటర్‌లోనూ సరిపోదు. పైన క్యారియర్ వేసి బరువంతా ఎత్తితే, ఎత్తైన బండి మలుపుల్లో ఇంకా తూలుతుంది.

మూడో వరసే ఇంకో నిజం కూడా బయటపెడుతుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో కాలనీలకు కాలనీలే మునిగాయి. 2023 డిసెంబరులో చెన్నైలో, 2020 అక్టోబరులో హైదరాబాద్‌లో అదే కథ. నీట మునిగి, ఇన్సూరెన్స్ కంపెనీ టోటల్ లాస్ కింద రాసేసిన బండ్లు వేలంలో చేతులు మారి, రిపేరై మళ్లీ మార్కెట్లోకి వస్తాయి. పైన పాలిష్, కొత్త సీట్ కవర్లు, సెంటు వాసన. అమ్మేవాడు శుభ్రం చేయడం మరిచిపోయే చోటు వెనకే ఉంటుంది. మూడో సీటు బోల్టుల తుప్పు, కార్పెట్ కింద సన్నటి మట్టి, స్టెప్నీ గుంతలో నీటి మరక, పూర్తిగా లాగిన బెల్టు మీద ఒక చోట ఆగిపోయిన బురద గీత. ఈ నాలుగింటిలో రెండు కనిపించినా ఆ బండి జోలికి వెళ్లకపోవడమే మంచిది. నేటి బండ్లలో వైరింగ్ అంతా నేలకు దగ్గరగానే ఉంటుంది. తడిసిన వైరింగ్ ఆరు నెలల తర్వాత కూడా ఏడిపిస్తుంది.

మీటర్ తిప్పిన బండ్ల గురించి అందరికీ తెలుసు. సెవెన్ సీటర్లలో ఈ బెడద ఎక్కువ, ఎందుకంటే వీటిలో చాలావరకు ముందు క్యాబ్‌లుగా తిరిగినవే. పసుపు బోర్డు మార్చి సొంత బండిగా చేయించుకోవడం చట్టప్రకారమే జరుగుతుంది, తప్పేం కాదు. తప్పు దాచిపెట్టడం. మీటర్ మీద 60 వేలు చూపిస్తుంటే, స్టీరింగ్ అరిగిపోయి, పెడల్ రబ్బరు నున్నబడి, డ్రైవర్ సీటు కుంగి ఉంటే అక్కడే తెలిసిపోతుంది. కంపెనీ సర్వీసు సెంటర్లో బండి నంబరు చెప్పి సర్వీసు రికార్డు అడిగితే ప్రతిసారీ రాసిన కిలోమీటర్లు వరుసగా కనిపిస్తాయి. ఓనరు రాకుండా ఇవ్వమంటే ఓనరునే వెంటబెట్టుకుని వెళ్లాలి. రానంటే అదే జవాబు.

మరీ చవగ్గా దొరికే పెద్ద బండ్లు కొన్ని ఉన్నాయి. షెవ్రొలే 2017తో భారత్‌లో అమ్మకాలు ఆపేసింది. ఫోర్డ్ 2021లో ఇక్కడ తయారీ ఆపుతున్నట్టు ప్రకటించింది. టవేరా, ఎండీవర్ నడుస్తూనే ఉంటాయి, కానీ ఒక హెడ్‌లైట్‌కో గేర్‌బాక్సు భాగానికో ఎంత వెతకాలో, ఎన్నాళ్లు ఆగాలో ఊళ్లో మెకానిక్‌ను అడిగాకే టోకెన్ అడ్వాన్స్ ఇవ్వాలి. డీజిలా పెట్రోలా అంటే వాడకాన్ని బట్టి. 2020 తర్వాతి బీఎస్-6 డీజిల్ బండిలో పొగను వడకట్టే ఫిల్టర్ ఉంటుంది. రోజూ స్కూలుకూ బజారుకూ రెండేసి కిలోమీటర్లు తిప్పితే అది మూసుకుపోతుంది, హైవే మీద పరిగెత్తిస్తేనే శుభ్రపడుతుంది. పెట్రోల్ బండికైతే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలే ఇప్పుడు బంకుల్లో దొరుకుతోంది. 2023 ఏప్రిల్‌కు ముందు బండ్లలో మైలేజీ కొంత తగ్గుతుందని పెట్రోలియం శాఖే ఒప్పుకుంది.

ఇక డబ్బు. పాత కార్లకు అప్పిచ్చే ఏజెంట్లు 'ఫ్లాట్ రేటు' చెబుతారు. ఆరు లక్షలు, నాలుగేళ్లు, తొమ్మిది శాతం ఫ్లాట్. వడ్డీ రూ.2.16 లక్షలు, నెలకు రూ.17 వేలు. అసలు నెలనెలా తగ్గుతున్నా వడ్డీ మొత్తం ఆరు లక్షల మీదే వేస్తారు గనక, బ్యాంకు లెక్కలో ఇది దాదాపు 16 శాతం వడ్డీ. ఇది ఎవరికైనా భారమే.

వడ్డీకి దూరంగా ఉండాలనుకునే ముస్లిం కుటుంబాల ఇబ్బంది మరో రకం. వడ్డీ లేని బ్యాంకింగ్‌ను 2008లోనే రఘురామ్ రాజన్ కమిటీ సూచించింది. 2017 నవంబరులో ఆర్‌బీఐ ఆ ప్రతిపాదనను ముందుకు తీసుకెళ్లబోమని తేల్చింది. మిగిలేవి రొక్కం, ఇంటి బంగారం, కమిటీ డబ్బులు, గల్ఫ్‌లో ఉన్న కొడుకు పంపినవి, బంధువుల దగ్గర ఖర్జె హసన. వీటన్నింటినీ ఊడ్చి బండికి పెట్టేస్తారు. నెల తిరక్కుండానే క్లచ్ పోతుంది, టైర్లు నాలుగూ మార్చాలంటారు, ఇన్సూరెన్స్ తేదీ వస్తుంది. అప్పుడు చేతిలో పైసా ఉండదు. వడ్డీ వద్దనుకుని కొన్న బండి రిపేరుకే వడ్డీ అప్పు చేయాల్సి వస్తుంది. ఎనిమిది లక్షలు ఉన్నవాళ్లు ఆరున్నర, ఏడు లక్షల బండి చూసుకోవడం ఇందుకే. బంధువుల దగ్గర తీసుకున్నది ఎంత ఆప్తులైనా కాగితం మీద రాసుకోవాలి. అప్పు రాసుకోమని ఖురాన్‌లోనే స్పష్టంగా ఉంది.

చివరిగా కాగితాలు. ఆర్సీ మీద ఫైనాన్స్ పేరుంటే, ఆ సంస్థ ఇచ్చే ఎన్‌ఓసీ, ఫారం 35 లేకుండా డబ్బు కట్టకూడదు. పెండింగ్ చలాన్లు ఎవరు కట్టాలో ముందే తేల్చుకోవాలి. అడ్డాల్లో ఇంకో అలవాటుంది. ఓనరు చేత ఫారం 29, 30 మీద ఖాళీ సంతకాలు తీసుకుని, పేరు మార్చకుండా బండిని చేతులు మారుస్తుంటారు. ఇద్దరు ముగ్గురు దాటి కొన్నాక అసలు ఓనరు ఎక్కడున్నాడో తెలియదు. ఈ పద్ధతిని కట్టడి చేయడానికే 2023 ఏప్రిల్ నుంచి పాత కార్ల డీలర్లు రవాణా శాఖ దగ్గర అనుమతి తీసుకోవాలని, ఓనరు బండి అప్పగించగానే ఆ వివరం ఆన్‌లైన్‌లో నమోదు చేయాలని కేంద్రం రూల్ తెచ్చింది. డీలర్‌ను ఆ అనుమతి పత్రం చూపించమని అడగడం కొనేవాళ్ల హక్కు.

కొనేవాళ్ల కంటే అమ్మేవాళ్లకే ఇది ఎక్కువ ప్రమాదం. పాత బండి వదిలించుకుని సెవెన్ సీటర్‌కు మారే కుటుంబం ఒకేసారి రెండు వైపులా ఉంటుంది. నవీన్ కుమార్ వర్సెస్ విజయ్ కుమార్ కేసులో కారు అమ్ముడై ఒకరి నుంచి ఒకరికి చేతులు మారింది. రిజిస్టర్‌లో మాత్రం మొదటి ఓనరు పేరే ఉంది. ప్రమాదం జరిగింది. పరిహారం ఎవరు కట్టాలన్న ప్రశ్నకు 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు, రిజిస్టర్‌లో ఎవరి పేరుందో వాళ్లే ఓనరు, వాళ్లదే బాధ్యత అని చెప్పింది. అదే రాష్ట్రంలో అమ్మితే పద్నాలుగు రోజుల్లోగా అమ్మినవాళ్లు, ముప్పై రోజుల్లోగా కొన్నవాళ్లు ఆర్టీఏకు తెలియజేయాలి. ఇన్సూరెన్స్ కూడా పద్నాలుగు రోజుల్లోగా కొత్త పేరు మీదకు మార్చుకోవాలి. పాత ఓనరు నో క్లెయిమ్ బోనస్ కొత్తవాళ్లకు రాదు, ఆ తేడా ప్రీమియం కట్టాలి. మిగిలిన డబ్బులో కొంత పేరు మారేదాకా ఆపి ఉంచుతామని బేరం రోజునే రాతలో పెట్టుకుంటే, కొత్త ఆర్సీ కోసం అడ్డా చుట్టూ తిరిగే పని తప్పుతుంది.